ఇంటర్ అయ్యాక పనికి పోవాలా? ఫారం నింపే ముందు కాగితం మీద తేల్చుకోండి

ఏప్రిల్ ఆఖరులో ఇంటర్ రిజల్ట్ వస్తుంది. ఆ మర్నాటి నుంచి నెలన్నర దాకా నా షాపులో కుర్చీ ఖాళీ ఉండదు. కల్వకుర్తి బస్టాండు దగ్గర నాదొక చిన్న ఆన్‌లైన్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫొటోలు. మార్కుల మెమో ప్రింట్ తీయించుకుని పోయిన పిల్లలే వారం తిరిగేసరికి మళ్ళీ వస్తారు. కొందరు డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో రిజిస్ట్రేషన్ చేయమంటారు, కొందరు కంపెనీకి బయోడేటా కొట్టమంటారు. రెండిట్లో ఏది చేయించుకోవాలో తెలియక బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్ళే ఎక్కువ.

మొన్న మేలో ఒక తల్లీ కొడుకూ వచ్చారు. పిల్లాడు సీఈసీ, మార్కులు ఫరవాలేదు. తల్లి ఎండకు కొంగు నెత్తిన కప్పుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండానే అడిగింది. "ఏది నింపాల్నో నువ్వే చెప్పు చెల్లె. కంపెనీకి పోతే నెలకు పదిహేడు వేలంట. డిగ్రీకి పోతే మూడేండ్లు మనమే పెట్టాలె."

'నువ్వే చెప్పు' అన్నవాళ్ళకు నేనెప్పుడూ చెప్పను. వాళ్ళ ఇంటి అప్పు ఎంతో నాకు తెలియదు, పిల్లాడి ఓపిక ఎంతో తెలియదు. పాడైపోయిన జిరాక్స్ కాగితాల కట్ట ఒకటి నా పక్కనే ఉంటుంది. దాంట్లోంచి ఒకటి తీసి, ఖాళీ వైపు తిప్పి, పెన్నిచ్చి కూర్చోబెడతాను. ఆ కాగితం మీద ఏం రాయాలి, ఏ లెక్క వేయాలి, ఎవరిని పోయి అడగాలి, అదే ఇక్కడ రాస్తున్నాను. నేను 2010లో ఇంటర్ పాసై, డిగ్రీ ఫారం కూడా కొనకుండా పనికి పోయినదాన్నే.

పైసల కోసమా, పని కోసమా

కాగితం పైన మొదట ఈ ఒక్క ముక్క రాయిస్తాను. ఇంట్లో అప్పుంది, తమ్ముడి ఫీజుంది, నాయనకు చేతనైతలేదు, అందుకని పోతున్నావా? అది పైసల కోసం. చదువు మీద మనసు లేదు, ఏదన్నా చేతిపని పట్టుకుని బతుకుదామని పోతున్నావా? అది పని కోసం. రెండూ సరైన కారణాలే, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు. కాకపోతే రెండిటికీ వెతకాల్సిన చోటు వేరు. పైసల కోసమైతే మొదటి నెల నుంచి చేతికి ఎంత మిగులుతుందన్నదే చూడాలి. అక్కడ ఏమీ నేర్చుకోకున్నా నష్టం లేదు, ఉండిపోవడానికి పోవడం లేదు కదా. పని కోసమైతే మొదటి రెండేళ్ళు జీతం తక్కువున్నా సరే, మూడో ఏటికి చేతిలో ఏం పని ఉంటుందన్నది చూడాలి.

నేను పైసల కోసం పోయాను, ఆ సంగతి మధ్యలో మర్చిపోయాను. మా ఊరు ఇక్కడికి ఏడు కిలోమీటర్లు. నేను బైపీసీ పాసైన ఏడాదే మా నాయన పల్లి చేనులో రెండు బోర్లు వేయించాడు. మొదటిదాంట్లో దుబ్బే లేచింది. రెండోదాంట్లో పడ్డ నీళ్ళు సంక్రాంతి దాటేసరికి ఆగిపోయాయి. ఎనభై వేల అప్పు, నూటికి రెండు రూపాయల మిత్తి. ఆ అప్పు కోసం జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కు పోయాను. నెలకు నాలుగు వేలు ఇంటికి పంపితే రెండేళ్ళ రెండు నెలలకు అప్పు తీరింది. నేను మాత్రం అక్కడే ఐదేళ్ళున్నాను. ఎందుకున్నావంటే చెప్పడానికి ఏమీ లేదు. హాస్టల్ అలవాటైంది, ఇంట్లోవాళ్ళకు నా జీతం అలవాటైంది. అప్పు తీరిన నెల కూడా నాలుగు వేలు పంపాను, ఎవరూ వద్దనలేదు. నేనూ అడగలేదు.

అందుకే పైసల కోసం అన్నవాళ్ళతో ఇంకో మూడు రాయిస్తాను. ఎంత మొత్తం కావాలి. ఏ సంవత్సరం ఏ నెలకల్లా అది తీరుతుంది. ఆ నెల రాగానే "అయిపోయింది కదా, ఇగ రా" అని గుర్తు చేసేది ఎవరు. ఈ మూడో పేరు మీ జీతం మీద ఆధారపడని మనిషిది కావాలి. మేనమామ కావచ్చు, కాలేజీ సారు కావచ్చు, అత్తగారింటికి పోయిన అక్క కావచ్చు. అమ్మానాయనల పేరు రాయకండి. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, నెలనెలా వచ్చే పైసలు ఆపమని ఎవరి నోట్లోంచీ అంత సులువుగా రాదు.

పాలమూరులో మన తాతలు, నాయనలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో భీవండికో పోయినవాళ్ళే. "అడ్వాన్సు తిన్నంక రేటు అడిగే నోరు ఉండదు" అని మా నాయన ఇప్పటికీ అంటాడు. ఇప్పటి పిల్లలకు మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వడు, బండి షోరూమోడు ఇస్తాడు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఈఎంఐ మీద బండి, ఆరో నెలలో ఫోన్. ఇగ ఆ సూపర్‌వైజర్ ఏమన్నా పడాల్సిందే, మానేస్తే కిస్తీ ఎవరు కడతారు? మొదటి ఏడాది కిస్తీల మీద ఏదీ కొనొద్దని కాగితం మీద రాయిస్తాను. ఈ మాట మాత్రం ఎవరూ వినరు. అయినా రాయిస్తాను.

పదిహేడు వేలంటే చేతికెంత

ఆ పిల్లాడి దగ్గర కాంట్రాక్టర్ ఇచ్చిన కాగితం ఉంది. అడుగున సీటీసీ అని రాసి 17,324. ఇంటిల్లిపాదికీ చెప్పింది ఆ అంకెనే. ఆ కాగితం పక్కన పెట్టుకుని మేం వేసిన లెక్క ఇది, మీ కాగితానికి కూడా ఇలాగే వేసుకోండి.

సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో మీ జీతం 15,500. మిగతాది కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 1,320, ఈఎస్ఐ (వైద్య బీమా) 504. ఈ రెండూ మీ చేతికి రావు. ఇప్పుడు మీ 15,500లోంచి మీ వాటా పోవాలి. పీఎఫ్ బేసిక్ (మూల జీతం) మీద 12 శాతం, ఇతనికి బేసిక్ 11,000 కాబట్టి 1,320. ఈఎస్ఐ మొత్తం జీతం మీద ముప్పావు శాతం, అంటే 117. జీతం పదిహేను వేలు దాటితే మన తెలంగాణలో నెలకు 150 వృత్తి పన్ను. క్యాంటీన్‌కు 600 అని అదే కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది. అన్నీ పోగా 13,313.

ఇగ జడ్చర్లలో బతకాలి. నలుగురు కలిసి రూమ్ తీసుకుంటే తలా 2,000. పొద్దున, రాత్రి తిండికి 3,000. ఫోన్ రీచార్జ్ 300. నెలకు రెండుసార్లు ఇంటికి రానూపోనూ 500. సబ్బులు, కటింగ్, టీ, ఒక జ్వరం గోలీ, అప్పుడప్పుడు ఒక బిర్యానీ, కలిపి 1,200. మొత్తం 7,000. మిగిలేది 6,313.

తల్లి ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. "పదిహేడని చెప్పిండు గదనే" అంది. కాంట్రాక్టర్ చెప్పింది అబద్ధమేమీ కాదు, అందరికీ అలాగే చెబుతారు. 6,313 తక్కువనీ నేను అనను. పది నెలలు నిలబడితే అరవై మూడు వేలు. వాళ్ళ అప్పు దాదాపు అంతే. కాకపోతే నిర్ణయం పదిహేడు వేల మీద కాదు, ఆరు వేల మూడు వందల మీద తీసుకోవాలి.

పీఎఫ్, ఈఎస్ఐ కట్ అయితే మంచిదే, అవి పోయిన పైసలు కావు. ఈఎస్ఐ ఉంటే మీకూ ఇంట్లో మీ మీద ఆధారపడ్డవాళ్ళకూ వైద్యం దొరుకుతుంది. జీతం 21,000 దాకా ఉన్నవాళ్ళకు ఇది వర్తిస్తుంది. పీఎఫ్‌లో కంపెనీ కూడా మీ అంతే వేస్తుంది, అందులో ఎక్కువ భాగం పెన్షన్ ఖాతాకు పోతుంది. అడగాల్సింది ఏంటంటే, కట్ చేసింది నిజంగా జమ చేస్తున్నారా? నేను పనిచేసిన రోజుల్లో ఏడాది, ఏడాదిన్నరకోసారి మా కాంట్రాక్టర్ పేరు మారేది. మనిషి అతనే, బోర్డు మారేది. బోర్డు మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబర్. ఐదేళ్ళకు నాకు నాలుగు నంబర్లయ్యాయి, అందులో రెండింటి పైసలే తీసుకోగలిగాను. మిగతా రెండింట్లో అసలు వేశారో లేదో ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు ఆ బాధ తక్కువ. యూఏఎన్ అని ఒకే నంబర్ ఉంటుంది, కంపెనీ మారినా అదే నడుస్తుంది. మొదటి జీతం పడ్డ తర్వాతి నెలే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. ఎంట్రీ లేకపోతే అదే వారం అడగండి, ఏడాది తర్వాత అడిగితే ఎవరూ పలకరు.

ఓటీ, అంటే ఓవర్‌టైమ్ గురించి కూడా ముందే అడగాలి. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలు దాటి చేయించుకుంటే ఆ గంటలకు రెట్టింపు ఇవ్వాలని చట్టం. "ఓటీ సింగిలా డబులా" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అవతలి మనిషి మొహం చూసి ఆ కంపెనీ ఎట్లాంటిదో తెలుస్తుంది.

పద్దెనిమిది నిండిందా

పిల్లాడి ఆధార్ జిరాక్స్ తీస్తుంటే పుట్టిన తేదీ కంటబడింది. ఆగస్టు. ఇంకా మూడు నెలలుంది. "కాంట్రాక్టర్ అన్న నడుస్తదన్నడక్కా" అన్నాడు.

నడవదు. పద్దెనిమిది లోపువాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదని చట్టం, రసాయనాలు వాడే ఫ్యాక్టరీలో చాలా పనులు ఆ లెక్కలోకే వస్తాయి. పెద్ద కంపెనీలు గేటు దగ్గరే వెనక్కి పంపుతాయి. నన్నూ అట్లాగే పంపారు. ట్రంకు పెట్టె, చాప, చద్దిమూట పట్టుకుని పోయి, సాయంత్రం బస్సుకు అవన్నీ మోసుకుని మిడ్జిల్ మీదుగా తిరిగొచ్చాను. ఏడు నెలలు ఇంట్లో కూర్చుని మళ్ళీ పోయాను. ఆ ఏడు నెలల్లో కాలేజీలో పేరు రాయించుకుని ఉండొచ్చని నాకు గాని, ఇంట్లోవాళ్ళకు గాని తట్టనే లేదు.

కొందరు మధ్యవర్తులు అన్న ఆధార్‌తో తమ్ముడిని లోపలికి పంపుతారు. దానికి మాత్రం ఒప్పుకోవద్దు. వేలు తెగినా, ఒంటి మీద ఏదన్నా పడినా, రికార్డులో మీరు లేరు. ఈఎస్ఐ మీది కాదు, పీఎఫ్ మీది కాదు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. టెన్త్ మెమోలో, ఇంటర్ మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు బుక్కులో పేరు ఒక్కటే ఉందా చూసుకోండి. ఇంటి పేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉన్నా పీఎఫ్ దగ్గర ఆగిపోతుంది. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. ఉద్యోగం ఇప్పించడానికి ముందు పైసలు కట్టమన్నవాడికి జిరాక్స్ కూడా ఇవ్వొద్దు. ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగమంటూ రెండున్నర వేలు ఫోన్‌పే చేసి, ఆ స్క్రీన్‌షాట్ ప్రింట్ తీయమని వచ్చే పిల్లలు నాకు ప్రతి ఏడాదీ తగులుతారు.

గేటు బయట టీ కొట్టు

ఫోన్లో చెప్పింది నమ్మి చేరొద్దు, ఒకరోజు పోయి చూసి రండి. లోపలికి రానివ్వరు, అవసరం కూడా లేదు. పెద్ద ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల షిఫ్టు పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి మారుతుంది. రెండింటికి బయటికొచ్చేవాళ్ళు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగుతారు. అక్కడ ఒక టీ తాగుతూ నిలబడండి. కొత్తగా చేరినవాళ్ళను అడగొద్దు, వాళ్ళు ఊరి వాళ్ళముందు గొప్పలు పోతారు. మూడేళ్ళు నిండినవాళ్ళను వెతికి అడగండి. చేరినప్పుడు ఏం పని చేశావు, ఇప్పుడేం చేస్తున్నావు? నీతో చేరినవాళ్ళల్లో ఎవరన్నా ఆపరేటర్ అయ్యారా? జీతం చివరిసారి ఎప్పుడు పెరిగింది, ఎంత పెరిగింది? నైట్ షిఫ్ట్ వారాలు నెలకు ఎన్ని?

మొదటి రెండు ప్రశ్నలకూ నా జవాబు వినండి. చేరిన రోజు నన్ను బెల్టు ముందు నిలబెట్టారు. గోలీల పట్టీలు వరుసగా వస్తుంటాయి, ఒక్కోదాంట్లో పది గుంతలు. ఖాళీ గుంత ఉందా, గోలీ విరిగిందా చూసి తీసి పక్కనేయాలి, మంచివి డబ్బాలో పేర్చాలి. జుట్టు టోపీలో దోపాలి, ముక్కుకు మాస్క్, చేతులకు గ్లౌజులు. గాజులు, ముక్కుపుడక, పట్టీలు లాకర్లో. ఎనిమిది గంటలూ నిలబడే. మొదటి వారం రాత్రి కళ్ళు మూసుకున్నా ఆ బెల్టు కదులుతూనే ఉండేది. ఐదో ఏడు కూడా నేను అదే బెల్టు ముందే ఉన్నాను. నాకంటే రెండేళ్ళు వెనక వచ్చిన ఒక తమ్ముడు పక్క మిషన్‌కు ఆపరేటర్ అయ్యాడు, జీతం నాకంటే మూడు వేలు ఎక్కువ. నాకు ఇంటర్‌లో అతని కంటే ఎక్కువ మార్కులే. అతను మధ్యలో ఐటీఐ చేసి వచ్చాడు, అంతే తేడా.

చేతిపని కోసమైతే

కాబట్టి 'పని కోసం' అని రాసినవాళ్ళను నేను నేరుగా ఫ్యాక్టరీ హెల్పర్ పనికి పంపను. ఐటీఐ పదో తరగతి మీదే దొరుకుతుంది, ఇంటర్ అయినవాళ్ళూ చేరొచ్చు. ఏడాది ట్రేడ్లున్నాయి, రెండేళ్ళవీ ఉన్నాయి. ఈ మధ్య మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టారు. రోబో చేతులు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ల లాంటి కొత్త కోర్సులు వాటిలో ఉన్నాయి. 'ఐటీఐ అంటే టెన్త్ ఫెయిలైనోళ్ళ చదువు' అనే మాట మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు. ఆ మాట అనేవాళ్ళింట్లో మోటారు కాలిపోతే ఎవరికి ఫోన్ చేస్తారో చూడండి.

అప్రెంటిస్‌గా చేరడం ఇంకో దారి. కంపెనీలో పని నేర్పిస్తూ స్టైపెండ్ ఇస్తారు. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం ఇంటర్ పాసైనవాళ్ళకు నెలకు కనీసం 7,000. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. ఇక్కడ ఒక మోసం నడుస్తుంది. పేరుకు 'ట్రైనీ' అంటారు, అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయరు, ఏడాది తర్వాత సర్టిఫికెట్ రాదు. పోర్టల్‌లో నా పేరు మీద కాంట్రాక్ట్ ఉంటుందా అని చేరేముందే అడగాలి. లేదంటే అది తక్కువ జీతానికి మామూలు కూలి.

జేసీబీ, లారీ వైపు పోయే పిల్లలు మా దగ్గర చాలామంది. ముందు హెల్పర్, ఆ తర్వాత ఆపరేటర్. వాళ్ళకు నేను చెప్పేది లైసెన్స్ లెక్క. పద్దెనిమిదికి కారు లైసెన్స్ వస్తుంది. లారీ లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండికి ఇరవై నిండాలి, పైగా అప్పటికి కారు లైసెన్స్ వచ్చి ఏడాది అయ్యుండాలి. అంటే పంతొమ్మిది నిండేలోపు కారు లైసెన్స్ తీసుకోకపోతే ఇరవై వచ్చినా హెల్పర్‌గానే ఉండాలి. ఈ ఒక్క ముక్క తెలియక రెండేళ్ళు పోగొట్టుకున్న పిల్లాడు మా మేనత్త కొడుకే.

దర్జీ పని, ఏసీ రిపేరు, సెంట్రింగ్, ఏదైనా సరే, ఓనర్‌ను అడగాల్సింది జీతం కాదు. "నీ దగ్గర నేర్చుకుని పోయినోళ్ళు ఇప్పుడు ఏడున్నరు?" అని అడగండి. ఇద్దరి పేర్లు టక్కున చెబితే చేరండి.

సీటు చేతిలో ఉంచుకోండి

ఒక్క సబ్జెక్టు పోయినవాళ్ళు పని మాట తర్వాత మాట్లాడండి. సప్లిమెంటరీ అయ్యేదాకా ఆగండి. పనికి పోయాక మళ్ళీ రాస్తానన్నవాళ్ళల్లో రాసినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. 'ఇంటర్ ఫెయిల్' అని ఉన్న బయోడేటాకు, 'ఇంటర్ పాస్' అని ఉన్నదానికి కంపెనీ గేటు దగ్గర పలికే రేటు వేరు.

పాసైనవాళ్ళు, పనికే పోదామని తొంభై శాతం అనుకున్నా సరే, దోస్త్ రిజిస్ట్రేషన్ చేసి పెట్టండి. మొదటి విడతలో 200 రూపాయలు. రిజిస్టర్ చేసినంత మాత్రాన చేరాలని లేదు. సీటు వచ్చాక చెప్పిన తేదీలోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నానని తెలపడం) చేయకపోతే మాత్రం ఆ సీటు పోతుంది, ఆ తేదీ గోడ మీద రాసుకోండి. నన్నడిగితే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలే ముందు పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పైసలు ఆలస్యమైతే కొన్ని ప్రైవేటు కాలేజీలు సర్టిఫికెట్లు ఆపి కూర్చుంటాయి, ఆ పంచాయితీలు నేను చాలా చూశాను.

రెగ్యులర్ కాలేజీలో పేరు, కంపెనీలో పని, రెండూ నడిపిస్తామనేవాళ్ళున్నారు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. వేలిముద్ర పడకపోతే అదీ రాదు, ఇటు నైట్ షిఫ్ట్ చేసి పరీక్ష రాయలేరు. అట్లా చేయాలనుకుంటే దానికి వేరే చదువుంది. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి పనిచేసుకునేవాళ్ళ కోసమే నడుస్తోంది. పుస్తకాలిస్తారు, స్టడీ సెంటర్లో సెలవు రోజుల్లో క్లాసులుంటాయి, మూడేళ్ళ డిగ్రీ. గ్రూప్స్‌కు, టీచర్ చదువుకు ఈ డిగ్రీ చెల్లుతుంది. నేను ఫ్యాక్టరీ మానేశాక ఇందులోనే బీకామ్ చేశాను. బెల్టు ముందు ఉన్నప్పుడే చేరి ఉంటే మొదటి అప్పు తీరేసరికి డిగ్రీ రెండొంతులు అయ్యేది. అందుకే పనికి పోయేవాళ్ళతో నేను పట్టుబట్టేది ఇదొక్కటే. చేరిన ఏడాదే ఓపెన్ డిగ్రీలో పేరు రాయించండి. 'ముందు సెటిలై తర్వాత' అంటే ఆ తర్వాత రాదు.

కానిస్టేబుల్, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ లాంటి కొలువులు ఇంటర్‌తోనే ఉన్నాయి. గ్రామీణ డాక్ సేవక్ టెన్త్ మార్కులతో తీసుకుంటారు. సైన్యంలో అగ్నివీర్‌కు పదిహేడున్నర నిండితే చాలు, కాకపోతే నాలుగేళ్ళ కొలువు, ఆ తర్వాత నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. వీటికి తయారుకండి, కాని నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు కాబట్టి దాన్నే పనిగా పెట్టుకుని రూమ్‌లో కూర్చోవద్దు. డిగ్రీ చదువుతూ పొద్దున గ్రౌండ్‌లో ఉరికినా ఈవెంట్స్ కొట్టొచ్చు.

ఆడపిల్లల లెక్క వేరు

మగపిల్లలకు రెండే దారులు, చదువా పనా అని. ఆడపిల్లలకు ఎవరూ పైకి అనని మూడో దారి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 'చదువు వద్దులే, ఇంటికాడ ఉండనీ' అన్నారంటే ఆ మాటకు అర్థం ఏడాదిలో సంబంధాలు చూస్తారని. పద్దెనిమిది నిండితే, ఆడపిల్ల పెళ్ళికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మికి అప్లై చేయించడానికి కూడా నా దగ్గరికే వస్తారు, నాకు తెలియదా!

అందుకే ఆడపిల్లలు అడిగితే నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఇంట్లో ఖాళీగా మాత్రం ఉండొద్దు. కాలేజీలో పేరుంటే 'చదువుకుంటోంది' అని వచ్చినవాళ్ళకు చెప్పడానికి అమ్మకు ఒక మాట దొరుకుతుంది. 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, కాబట్టి 'బస్సు చార్జీలకు ఏడ తేవాలె' అనే మాటా ఇప్పుడు చెల్లదు. పనికే పోవాల్సి వస్తే హాస్టల్ చూడకుండా పోవద్దు. రాత్రి పదికి షిఫ్ట్ అయ్యాక బస్సు గేటు దగ్గర దింపుతుందా, రోడ్డు మీద దింపుతుందా అడగండి. జీతం మీ ఖాతాలోనే పడాలి, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి. నా కార్డు మూడేళ్ళు మా అన్న దగ్గర ఉంది. అన్న మంచోడే, పైసలు వృథా చేయలేదు. కాని ఒక చున్నీ కొనుక్కోవాలన్నా నా జీతంలోంచి నేనే అడుక్కోవాల్సి వచ్చింది.

ఆ తల్లీ కొడుకూ కాగితం మడిచి పట్టుకుపోయారు. నాలుగో రోజు పిల్లాడు ఒక్కడే వచ్చాడు. జడ్చర్ల పోయి టీ కొట్టు దగ్గర రెండు షిఫ్టులు నిలబడ్డాడట. కాగితం వెనక నలుగురి జవాబులు రాసుకొచ్చాడు. ఒకతను లైన్ ఆపరేటర్ అయ్యాడు, ఇద్దరు చేరినచోటే ఉన్నారు, నాలుగో అతను ఇంకో వారంలో మానేస్తున్నాడు. ఓటీ సంగతి అడిగితే కాంట్రాక్టర్ ఫోన్ పెట్టేశాడట.

"ఆగస్టు దాకా ఎట్లయినా తీసుకోరు గదక్కా. అందాక కాలేజీకి పోయి చూస్త. దోస్త్ నింపు."

ఆగస్టులో ఏం చేస్తావని నేను అడగలేదు. కాగితం మీద అప్పు, నెల, రెండూ రాసే ఉన్నాయి. గుర్తు చేసేవాళ్ళ పేరు దగ్గర తన ఎకనామిక్స్ సారు పేరు రాసుకున్నాడు. మొదటి ఆప్షన్ కల్వకుర్తి ప్రభుత్వ కాలేజీ, బీకామ్ కంప్యూటర్స్. ఆధార్‌కు లింకైన నంబర్ వాళ్ళ నాయనది. నాయన పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తాడు. వెనక మిక్సర్ చప్పుడు.

"నాయనా, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, నంబర్ చదువు."

"ఎందుకురా?"

"కాలేజీకి."

కాసేపు మిక్సర్ చప్పుడే వినబడింది. తర్వాత ఒక్కొక్క అంకె చదివాడు, ఆఖరిది రెండుసార్లు.